కడుపు అన్న ఒక్క మాట

మొన్న జక్రాన్‌పల్లిలో నా పాత స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. పసుపు ఉడకబెట్టే రోజులు. వాకిలి నిండా ఆరబోసిన కొమ్ములు, ఇంటిల్లిపాది చేతులకూ పసుపు రంగు. స్నేహితురాలి కోడలు చాయ్ తెచ్చిచ్చి నా పక్కనే గడప మీద కూర్చుంది. ఇంకా నలభై నిండని పిల్ల. మాటల మధ్యలో, పన్ను పీకించుకున్నంత తేలిగ్గా చెప్పింది: "నాకు పోయిన ఎండకాలం సంచి తీసేసిండ్రు అత్తమ్మా."

"సంచి ఒక్కటే తీసిండ్రా, అండాశయాలు సుత తీసిండ్రా?" అని అడిగాను.

"గవేంటియి?" అంది.

"పోనీ, తీసినంక నీకు సూపిచ్చిండ్రా?"

ఆమె నవ్వింది. "ఏం సూసేదున్నది అత్తమ్మా, ఖరాబైనదాన్ని."

నేను నర్సుగా పనిచేసి, నర్సులకు పాఠాలు చెప్పి ఇంటిపట్టున ఉంటున్న మనిషిని. ఇలాంటి మాటలు నాకు కొత్త కావు. అయినా తిరుగు బస్సులో ఆమె మాటే చెవుల్లో తిరిగింది. ఖరాబైనదాన్ని చూసేదేముంది? దాన్ని చూడాలని పట్టుబట్టి, చూసి, దాని ముందు తల వంచిన మనిషి ఒకరు నాకు గుర్తుకొచ్చారు. మా పెద్దమ్మ. ఆమె పేరు రాహేలమ్మ.

మా అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, ముప్కాల్‌లో ఇతరుల పొలాల్లో కూలికి పోయేవాళ్ళు. ఊళ్ళో చదువు చిన్న తరగతులతో ఆగిపోవడంతో నన్ను బోధన్‌లో మా అవ్వకు అక్క అయిన పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. ఆమె భర్త, మా పెద్దబాపు, చక్కెర ఫ్యాక్టరీలో కార్మికుడు. పిండిన చెరకు పిప్పిని బాయిలర్ల దాకా చేర్చే చోట ఆయన పని. ఇల్లు ఫ్యాక్టరీ వెనక లైన్లలో, రెండు గదులు, ముందు చిన్న పంచ. గానుగాడే నెలల్లో ఊరంతా ఒకటే వాసన. పైన మరిగే రసం తీపి, దాని కింద పులిసిన మడ్డి కంపు. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మాకు ఆ వాసన లేని నెలల్లో ఏదో పోగొట్టుకున్నట్టుండేది. ఉతికి ఆరేసిన బట్టల మీద పొగగొట్టం నుంచి నల్లటి నుసి రాలేది. పెద్దమ్మ వాటిని దులిపి దులిపి లోపలికి తెచ్చేది. చెరకు బండ్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉండేవి. ఎద్దుల మెడ గంటలు, బండ్లవాళ్ళ మరాఠీ, తెలుగు, ఉర్దూ కలగలిసిన కేకలు మా పంచలోకి వినపడేవి.

పెద్దమ్మ పెళ్ళైనప్పటినుంచీ చెరకు కొట్టేందుకు పోయేది. నేను వెళ్ళేనాటికి అది మానేసి కుట్టుమిషన్ పెట్టుకుంది. పొద్దున్నే ఫ్యాక్టరీ సైరన్ కంటే ముందు లేచి, పొయ్యి అలికి, చాయ్ పెట్టి, మిషన్‌ను పాత బట్టతో తుడిచి, ప్రతి రంధ్రంలో ఒక్కో నూనెచుక్క వేసేది. ఆ వేసేటప్పుడు చర్చి పాట ఒకటి ముక్కుతో పాడేది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, చెవి వెనక సుద్దముక్క. లైన్లలోని ఆడవాళ్ళు, కూలికి వచ్చిన ఆడవాళ్ళు, బోధన్ గల్లీల్లోని ముస్లిం ఇళ్ళ కోడళ్ళు అందరూ ఆమె దగ్గరే రవికలు, కుర్తాలు కుట్టించుకునేవాళ్ళు. మనిషి వాకిట్లో అడుగు పెడితే చాలు, టేపు పెట్టకముందే కొలత చెప్పేది. ఎవరికి ఒక భుజం దిగి ఉందో, ఎవరికి పాలు వస్తున్నాయో, ఎవరు చిక్కిపోయారో ఆమెకు తెలుసు. మెడ, భుజం, చంక, రొమ్ము, నడుము, ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక మాట ఉండేది. నడుము దాటితే మాటలు అయిపోయేవి. అక్కడినుంచి మోకాళ్ళ దాకా ఉన్నదంతా ఆమెకూ, ఆమె దగ్గరికి వచ్చే ఆడవాళ్ళందరికీ ఒకటే పేరు. 'కింద.'

ఇక లోపల ఉన్నదానికంతా 'కడుపు' అన్న ఒక్క మాటే. అన్నం పడేది కడుపులో. ఆకలికి కాలేది కడుపు. పిల్ల నిలిస్తే కడుపు, పోతే కడుపు పోయింది, పుట్టినవాళ్ళు కడుపున పుట్టినవాళ్ళు. నెలనెలా వచ్చే బాధ కడుపునొప్పి, అజీర్తి చేస్తే అదీ కడుపునొప్పే. చర్చిలో పాస్టరుగారు 'గర్భఫలం' అని ప్రార్థన చేసేవారు. అది ఏ చెట్టు పండో అనుకునేదాన్ని చిన్నప్పుడు. నేను పెద్దమనిషినైన రోజు పెద్దమ్మ పెట్టెలోంచి మెత్తటి పాత బట్టలు తీసి, మడిచి, ఎలా కట్టుకోవాలో చూపించి, "ఎవ్వలకు సెప్పకు" అని మాత్రం చెప్పింది. ఏం చెప్పకూడదో నాకు అర్థం కాలేదు. చెప్పాలన్నా నా దగ్గర మాట ఏదీ?

పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. మిషన్ ముందు ఎప్పుడూ తిన్నగా కూర్చునేది కాదు. మడిచిన గోనెపట్టా మీద ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. లేచేటప్పుడు ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చెయ్యి పొత్తికడుపు మీద అదుముకునేది. నీళ్ళ బిందె నన్నే ఎత్తమనేది. దగ్గు వస్తే గోడకు ఆనుకుని, కాళ్ళు దగ్గరికి చేసుకుని దగ్గేది. కొందరు వేళ్ళు విరుచుకోవడం, కొందరు మెడ రుద్దుకోవడం లాగా ఇది ఆమె తీరు అనుకున్నాను. పెద్దబాపు, వాళ్ళ ఇద్దరు కొడుకులు కూడా అలాగే అనుకున్నారు. ఆ ఇంట్లో అన్నేళ్ళు తిరిగాం, ఒక్కరం కూడా అడగలేదు.

చదువైపోయాక నిజామాబాదులో ఒక మిషన్ దవాఖానలో నర్సు శిక్షణకు చేర్చారు. అక్కడ మాకు పెద్ద డాక్టరు ఒక మరాఠీ ఆవిడ. నాందేడ్ వైపు మనిషి. పొట్టిగా, గట్టిగా, చీర కుచ్చిళ్ళు చెప్పుల పైకి ఎత్తి కట్టుకుని చకచకా నడిచేది. అందరం డాక్టర్ బాయి అనేవాళ్ళం. ఆవిడ తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. మొదటి వారంలోనే ఒకరోజు నల్లబల్ల మీద ఆడమనిషి లోపలి అవయవాల బొమ్మ గీసింది. మేమందరం తలలు దించుకున్నాం. సుద్దముక్కతో ఒక్కొక్క చోటా తడుతూ అడిగింది: "దీన్ని తెలుగులో ఏమి అంటారు? చెప్పండి. దీన్ని? దీన్ని?"

ఎవరమూ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఒక అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మాకు మాటలు తెలియక కాదు. తెలిసినవి రెండో మూడో ఉన్నాయి. అవన్నీ వీధి నల్లాల దగ్గర బిందెలు తగిలినప్పుడు తిట్టుకునే తిట్లు. మనిషి పుట్టే చోటుకు మా భాషలో మేం విన్నవి తిట్లు మాత్రమే. ఆ సంగతి నాకు ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు మొదటిసారి తట్టింది.

డాక్టర్ బాయి కోప్పడలేదు. సుద్దముక్క పక్కన పెట్టి చెప్పింది: "ఆడవాళ్ళు వస్తారు. కడుపులో నొప్పి అంటారు. ఏ కడుపు? నాకు తెలియదు. ఆమెకు తెలియదు. మీకు కూడా తెలియకపోతే ఆమె చచ్చిపోతుంది." తర్వాత గర్భాశయం బొమ్మ మీద చెయ్యి పెట్టి, "మా దగ్గర దీన్ని పిశవీ అంటారు. పిశవీ అంటే సంచి" అంది. అప్పుడే బాల్చీతో నేల తుడుస్తున్న ఆయా తలెత్తి, "హమ్ తో బచ్చేదానీ బోల్తే బాయీ" అంది, మేమైతే పిల్లల సంచి అంటామని. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఎప్పుడో అనగా విన్నమాట నోటికొచ్చింది. "గర్భసంచి" అన్నాను. డాక్టర్ బాయి ముఖం వెలిగిపోయింది. సంచి, పిశవీ, బచ్చేదానీ. గోదావరికి ఈ పక్కా ఆ పక్కా, మూడు భాషల ఆడవాళ్ళు కూడబలుక్కోకుండా ఒకటే ఆలోచన చేశారు. ఆ రోజంతా నాకు అదే ఆశ్చర్యం.

మిగిలిన మాటలను కోస్తా నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు ఒకామె పుస్తక భాషలో నేర్పింది. అండాశయాలు, అండవాహికలు, గర్భాశయ ముఖద్వారం, యోని, బయటి పెదవులు, లోపలి పెదవులు. ఒక్కొక్కరం నల్లబల్ల దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి, పైకి వినపడేలా అనాలి. యోని అన్న మాట నా నోటినుంచి మొదటిసారి వచ్చినప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. పదిసార్లు అన్నాక అది చెయ్యి, మోచెయ్యి లాంటి మాట అయిపోయింది. ఆ వారంలోనే డాక్టర్ బాయి ఇంకొక సంగతి చెప్పింది. ఆడపిల్ల పుట్టేటప్పటికే, ఆమె జీవితంలో వచ్చే అండాలన్నీ ఆమె అండాశయాల్లో ఉంటాయట. తల్లి కడుపులో ఉండగానే అవి ఏర్పడిపోతాయట. ఆ సాయంత్రం బజారుకు వెళ్ళినప్పుడు నేను ఆడవాళ్ళను చూస్తూ నిలబడిపోయాను. కూరగాయలమ్మే ముసలమ్మ, బుర్ఖాలో వెళ్తున్న తల్లీకూతుళ్ళు, రిబ్బన్లు కట్టుకుని స్కూలునుంచి వస్తున్న చిన్నపిల్లలు. మా అవ్వమ్మ మా అవ్వను మోస్తున్నప్పుడు, నేను అవబోయే ఆ నలుసు కూడా అక్కడే ఉందన్నమాట. నేను పుట్టకముందే మా అవ్వమ్మ నన్ను మోసింది. గంజ్‌లో ఎడ్లబండి వాడు పక్కకు జరగమని అరిచేదాకా నాకు ఈ లోకం మీదికి ధ్యాస రాలేదు.

ఆ తర్వాత ఆపరేషన్ గదిలో మొదటిసారి కళ్ళతో చూశాను. కోసి బిడ్డను తీయాల్సి వచ్చింది. బిడ్డ ఏడ్చింది, ఆయా ఎత్తుకుంది, అందరి కళ్ళూ అటు తిరిగాయి. డాక్టర్ బాయి మాత్రం నన్ను మోచేత్తో తట్టి, "అటు కాదు, ఇటు చూడు" అంది. బిడ్డంతటి బిడ్డ ఉన్న ఆ సంచి, మేం చూస్తుండగానే ముడుచుకుంటోంది. ఎవరో లోపలినుంచి పిడికిలి బిగిస్తున్నట్టు. ఇరువైపులా సన్నటి నాళాలు, వాటి చివర చీర కొంగు కుచ్చుల్లాంటి కుచ్చులు, ఆ కుచ్చుల పక్కన బాదం గింజల్లా తెల్లటి అండాశయాలు. నల్లబల్ల మీద సుద్దగీతలుగా ఉన్నవన్నీ ఎర్రగా, తడిగా, బతికి ఉన్నాయి. నాకు భయం వేయలేదు. చర్చిలో అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి పాడేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ ఏడాది క్రిస్మస్ సెలవులకు బోధన్ వచ్చాను. పండగ రవికల పని మీద పెద్దమ్మ తీరికలేకుండా ఉంది. బల్ల మీద రంగురంగుల ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఆమె నిలబడి మిషన్ తొక్కుతోంది. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద. కూర్చోవడం చేతకాక అలా నిలబడిందని నాకు చూడగానే తెలిసింది. ఇన్నేళ్ళూ చూసిందే, కానీ ఈసారి నా కళ్ళు వేరు.

"పెద్దమ్మా, నీకు కింద ఏదో జారినట్టు అనిపిస్తదా?" అన్నాను.

మిషన్ ఆగిపోయింది. నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఎవ్వలు సెప్పిండ్రే నీకు?"

"ఎవ్వలు సెప్పలే. నువ్వు నిలబడుడు సూసి అడుగుతున్న."

ఆమె వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. వచ్చి నా ముందు నిలబడి, నా ముఖం వైపు కాకుండా గోడ వైపు చూస్తూ చెప్పింది. చిన్న కొడుకు పుట్టిన కొద్ది రోజులకే చెరకు మోపులెత్తడానికి పోయిందట. ఒకరోజు మోపు తల మీదికి ఎత్తుకోగానే కిందినుంచి ఏదో దిగింది. కోడిగుడ్డంత. బట్టతో లోపలికి తోసుకుంది. అప్పటినుంచీ అంతే. పొద్దున లోపల ఉంటుంది, సాయంత్రానికి బయటికి వస్తుంది. నడిస్తే ఒరుసుకుని పుండవుతుంది.

"పేగులనుకున్న బిడ్డా. ఒక్కొక్కటే కిందికి జారుతున్నయనుకున్న. రేపెప్పుడో గుండెకాయ సుత జారుతది, గా రోజు పోతననుకున్న." ఆమె పెట్టె తెరిచి, అడుగునుంచి ఒక తెల్ల రవిక తీసి చూపించింది. అంచులకు చేతికుట్టు వేసి, మడత నలగకుండా పెట్టింది. "సచ్చినంక పెట్టెల పండుకోబెట్టేటప్పుడు తొడుగుతరని కుట్టి పెట్టుకున్న. ప్రతి క్రిస్మస్‌కు గిదే ఆఖరుదనుకుంట."

నా చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో జరిగిన పండగలన్నీ ఆమె అలా చేసిందన్నమాట. పాటలు పాడుతూ, రొట్టెలు కాలుస్తూ. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఆమె ఇక చెప్పదు. బల్ల మీది రవిక ముక్కలు పక్కకు జరిపి, ఆమె చెవి వెనకున్న సుద్దముక్క తీసుకుని గీశాను.

"పేగులు కావు పెద్దమ్మా. పేగులు గిక్కడ, పైన. గిది గర్భసంచి. గిది దాని మూతి. గిది యోని, బిడ్డ వచ్చే తోవ. గీ సంచిని రెండు దిక్కుల పట్టీలు పట్టుకోని ఉంటయి. కింద కండ ఉంటది, పరుపు తీర్గ. కాన్పయినంక అవి గట్టిపడకముందే నువ్వు బరువెత్తినవు. పట్టీలు వదులైనయి. సంచి జారింది."

ఆమె వంగి చాలాసేపు చూసింది. వేలితో గీత మీదుగా నెమ్మదిగా పోయింది, రవిక కత్తిరించే ముందు గుడ్డ మీద పోయినట్టే. "అంటే కుట్టు వదిలిందన్నట్టు."

"అంతే. కుట్టు వదిలింది."

"మళ్ళ ఏస్తే ఉంటదా?"

"ఏస్తరు. లేకుంటే సంచి తీసేసి తోవకు కుట్టు ఏస్తరు. బతుకుతవు పెద్దమ్మా. గుండెకాయ జారదు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత మళ్ళీ బొమ్మ మీద వేలు పెట్టింది. "మరి గిదేంది?"

"మూత్రం పోయే తోవ."

"ముట్టు వచ్చేది, మూత్రం పోయేది ఒక్కటి కాదా?"

"కాదు. గిది వేరు, గిది వేరు. ఎనక మలద్వారం వేరు. మూడున్నయి."

పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. "నలుగురిని కన్న. యాభై ఏండ్లొచ్చినయి. నా ఇంటికి తలుపులెన్నో నాకే తెల్వకపాయె!"

సాయంత్రం డ్యూటీ దిగి పెద్దబాపు వచ్చాడు. ఒళ్ళంతా పిప్పి నుసి. కాళ్ళు కడుక్కుంటుంటే పెద్దమ్మ నిజామాబాదు దవాఖానకు పోవాలని చెప్పింది.

"ఏమైంది?"

"కడుపుల జర తక్లీఫ్" అని మొదలుపెట్టి, ఆగి, నా వైపు చూసి, మళ్ళీ చెప్పింది. "కడుపు కాదు. గర్భసంచి జారింది."

పెద్దబాపు చెంబు కింద పెట్టాడు. "ఎన్నేండ్ల సంది?"

"సిన్నోడు పుట్టినప్పటి సంది."

"నాకెందుకు సెప్పలే?"

"ఏమని సెప్పాలె? మాట ఉంటె కద!"

ఆయన తల మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, పంచలో చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు సెలవు పెట్టి, ఆమెను చెయ్యి పట్టుకుని రైలెక్కించింది ఆయనే. బండి కదిలేటప్పుడు కుదుపులకు నొప్పి పెడుతుందేమోనని తన దుప్పటి మడిచి ఆమె కింద వేశాడు.

డాక్టర్ బాయి చూసి, సంచి చాలా కిందికి జారింది, పుండ్లు పడ్డాయి, తీసేయడమే మంచిదని చెప్పింది. పెద్దమ్మ ఒప్పుకుంది. ఒక్కటి మాత్రం అడిగింది. "తీసినంక నాకు సూపియ్యాలె డాక్టరమ్మా."

"భయపడతావు."

"ఇన్నేండ్లు సూడకనే భయపడ్డ."

డాక్టర్ బాయి ఆ మాటను నాతో మరోసారి చెప్పించుకుంది, తెలుగు సరిగా అర్థమైందో లేదోనని.

ఆపరేషన్ బాగా జరిగింది. లేచి కూర్చోగలిగిన రోజున డాక్టర్ బాయి స్వయంగా గాజుసీసా పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వచ్చింది. సీసాలో మందునీళ్ళు, అందులో అది. లేత గులాబీ బూడిద కలిసిన రంగు. మెడ ఉన్న చిన్న జామకాయంత ఉంది. పెద్దమ్మ రెండు చేతులూ చాచి సీసాను ఒళ్ళోకి తీసుకుంది. కిటికీ వెలుతురు వైపు తిప్పింది.

"గింతేనా?" అంది.

సీసాను ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

"గింత దాంట్లనేనా నా బిడ్డలున్నది? నా పెద్దకొడుకు పుట్టినప్పుడు ఎంత బరువుండె! గాడు గిండ్లనే పట్టిండా?" డాక్టర్ బాయి సీసా మీద వేలితో చూపించింది. ఇది గర్భాశయం, ఇది దాని మెడ, ఇది ముఖద్వారం, బిడ్డ వచ్చేటప్పుడు ఇదే తెరుచుకుంటుంది. పెద్దమ్మ ఒక్కొక్క మాటా వెంట పలికింది. ముఖద్వారం దగ్గర నాలుక తిరగక ఆగి, "సంచి మూతి" అంది. డాక్టర్ బాయి "హా, మూతి" అంది. అండాశయాలు లోపలే ఉంచామని చెప్పింది. అప్పుడు నేను, ఆడపిల్ల అండాలతో సహా పుడుతుందన్న సంగతి పెద్దమ్మకు చెప్పాను. ఆమె నా వైపు తిరిగింది. "అంటే మా అవ్వ నన్ను మోసినప్పుడే నా బిడ్డలను సుత మోసిందా?" అని నెమ్మదిగా అడిగింది. పక్క మంచం మీది ముసలామె అది విని రెండు చేతులూ జోడించింది.

పెద్దమ్మ కన్న నలుగురిలో ఇద్దరే బతికారు. మిగిలిన ఇద్దరికీ పుట్టేటప్పటికే ప్రాణం లేదు. వాళ్ళ గురించి ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు సీసా ఒళ్ళో పెట్టుకుని, గాజు మీద బొటనవేలితో రాస్తూ, తనలో తాను అనుకున్నట్టు అంది: "గా ఇద్దరికి గీ ఇల్లొక్కటే తెలుసు. వేరే ఇల్లు తెల్వకనే పోయిండ్రు." తర్వాత తలెత్తింది. "గిది ఎక్కడన్న పారేస్తరా డాక్టరమ్మా? పారెయ్యకుండ్రి."

డాక్టర్ బాయి చాలా కఠినమైన మనిషి. ఏడవడం నేను చూడలేదు, ఆ రోజూ చూడలేదు. కానీ ఆవిడే తోటమాలిని పిలిపించి, దవాఖాన వెనక గోడవార, ఎండ పడే చోట గుంట తీయించింది. పెద్దబాపు తన చేతులతో మట్టి కప్పాడు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని తల వంచి ప్రార్థన చేసింది. పైకి వినపడలేదు, పెదవులు కదిలాయి.

బోధన్ తిరిగి వచ్చిన కొన్ని వారాలకు చర్చిలో ఆడవాళ్ళ కూటం జరిగింది. నేను సెలవు మీద వచ్చి ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను. ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెబుతున్నారు. జ్వరం తగ్గినందుకు, కొడుకుకు కొలువు దొరికినందుకు, కడుపునొప్పి పోయినందుకు. పెద్దమ్మ లేచింది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద ఆనించుకోకుండా, బల్ల పట్టుకోకుండా, తిన్నగా లేచింది. కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, నీవు నాకిచ్చిన గర్భసంచి కొరకు స్తోత్రం" అంది.

పాస్టరమ్మగారు తల ఇంకా కిందికి వంచుకున్నారు.

"గది నా బిడ్డలను మోసింది. ఇద్దరిని నాకిచ్చింది, ఇద్దరిని నీకిచ్చింది. అలిసిపోయి జారింది. పేరు తెల్వక నేను శరంపడ్డ, సిగ్గుకు దాసుకున్న, సస్తననుకున్న. ఇప్పుడు కండ్లార సూసిన. ఎంత చిన్నగ చేసినవు, ఎంత మంచిగ చేసినవు తండ్రీ. యోని కొరకు, సంచి మూతి కొరకు, అన్నిటి కొరకు నీకు స్తోత్రం."

తర్వాత వెనకనుంచి, గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె పగిలిన గొంతుతో "ఆమెన్" అంది. ఆ తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత అందరూ. కూటం అయ్యాక పెద్దమ్మ చెప్పులు వేసుకోకముందే ఒకామె వచ్చి ఆమె కొంగు పట్టుకుని చెవిలో అంది: "రాహేలక్కా, నాకు సుత గట్లనే ఉన్నది." ఆమె వెనక ఇంకొకామె నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకొకామె. పక్కపక్క ఇళ్ళలో ఉంటూ, ఒకే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఇన్నేళ్ళు బతికిన ఆడవాళ్ళు.

ఆ తర్వాత పెద్దమ్మ మిషన్ దగ్గర కొలతలు నడుముతో ఆగలేదు. రవికకు కొలతిచ్చే ఏ ఆడమనిషికైనా, తలుపు దగ్గరికి వేసి, బల్ల మీద సుద్దతో గీసి చూపించేది. కాన్పయినామె వస్తే బరువెత్తొద్దని ఒట్టు వేయించుకునేది. కొందరు సిగ్గుతో రావడం మానేశారు. ఎక్కువమంది తమ ఇళ్ళలోని వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు.

ఇప్పుడు కాలం మారింది. బొమ్మ కావాలంటే ఫోన్లో ఉంది. స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం తల్లి చూస్తోంది. అవి ఏవీ లేక మా పెద్దమ్మ అన్నేళ్ళు చావుబట్ట కుట్టుకుని కూర్చుంది. కాబట్టి ఆ రోజులే మంచివని నేను అనను, అనలేను. కానీ అప్పుడు పేరు తెలియక చూడలేదు, ఇప్పుడు పేరు తెలిసీ చూడటం లేదు. అవసరం ఉందో లేదో అడగకుండానే ఎందరో సంచి తీయించుకుంటున్నారు. ఏది తీశారో, ఏది ఉంచారో తెలియకుండానే ఇంటికి వస్తున్నారు. నా దగ్గర చదువుకున్న నర్సులు కూడా పుస్తకంలో మాట గడగడా చెబుతారు, మంచం దగ్గరికి వెళ్ళగానే గొంతు తగ్గించి 'కింద' అంటారు. మాట నేర్పడం నాకు చేతనైంది. ఆ మాట వెనకున్న దాన్ని చూసి నివ్వెరపోవడం ఎలా నేర్పాలో ఇంత వయసొచ్చినా నాకు తెలియలేదు. పెద్దమ్మకు ఎవరూ నేర్పలేదు, ఆమెకు వచ్చింది.

ఆ కూటం జరిగిన వారంలోనే ఒక పొద్దున బోధన్ రైలు దిగి ఆడవాళ్ళు మా దవాఖానకు వచ్చారు. సద్దిమూటలు ఒళ్ళో పెట్టుకుని వరండాలో వరసగా కూర్చున్నారు. నేను డాక్టర్ బాయి పక్కన నిలబడి ఉన్నాను. ముందుగా లోపలికి వచ్చినామె చెరకు కొట్టే కూలి. అరచేతులు నల్లగా కాయలు కాచి ఉన్నాయి. డాక్టర్ బాయి తల ఎత్తకుండా కలం పట్టుకుని, రోజూ అడిగే మాట అడిగింది. "తక్లీఫ్ ఎక్కడ?"

రోజూ వినే 'కడుపుల' అన్న జవాబు కోసం నేను ఎదురుచూశాను. ఆమె కొంగు సరిచేసుకుంది.

"సంచి మూతి కాడ, డాక్టరమ్మా" అంది.

డాక్టర్ బాయి కలం కింద పెట్టింది. ఆవిడ ఎవరి కోసమూ లేచి నిలబడగా అంతకుముందు నేను చూడలేదు. ఆ రోజు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడి, "రండి అమ్మా" అంది.